ఏనుగమ్మకి బ్రేకులు

అత్తగారు ఉద్యోగం నుంచి రిటైరైన రోజున ఇంట్లోవాళ్ళు ఆవిడకి మంచి పడక్కుర్చీ ఒకటి కొనిపెడదామనుకున్నారు. ఆవిడ మాత్రం చేతికొచ్చిన డబ్బు పట్టుకుని, ఎవరికీ ఒక్కమాట కూడా చెప్పకుండా వెళ్ళి, పాత జీపు బండి ఒకటి కొనుక్కొచ్చింది. ముందు ఇద్దరు కూర్చునే సీట్లు, వెనక సామాన్లు వేసుకునే తొట్టి, ఎండకి వెలిసి బూడిదరంగులోకి దిగిన ఒళ్ళు, రెండు పక్కలా చెవుల్లా పొడుచుకొచ్చిన అద్దాలు. అమ్మినవాడే నడుపుకుంటూ తెచ్చి ఇంటి ముందు నిలబెట్టాడు. ఆవిడ పక్కసీట్లోంచి దర్జాగా దిగింది. గేటు దగ్గర నోరెళ్ళబెట్టి నిలబడ్డ కొడుకుని దాటుకుని వెళ్ళి, తాళాలు కోడలి చేతిలో పెట్టింది.

"నీకే అమ్మాయ్. ఇంకా ఎన్నాళ్ళు ఆ కుండీలు ఊళ్ళోవాళ్ళ బళ్ళకెక్కించి సగం పగలగొట్టించుకుంటావు?"

"అమ్మా, నీకు బండి నడపడం రాదు కదా!" అన్నాడు కొడుకు.

"నీకు వంట రాదు. అన్నం తినడం మానేశావా?" అంది ఆవిడ.

ఆవిడ పెద్ద ఆసుపత్రి వంటింట్లో పనిచేసింది. గరిటె పట్టుకుని మొదలుపెట్టి, ఆ వంటిల్లంతా తన మాట మీద నడిచేదాకా ఎదిగింది. కూరగాయలవాళ్ళు ఆవిడ వస్తోందంటే ముందే ధర తగ్గించి చెప్పేవారట, గొడవెందుకని. బేరమంటే ఆవిడకి చెవి కోసుకునేంత ఇష్టం. కోడలేమో మట్టి పని చేస్తుంది. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక తిరుగుడు చక్రం, పక్కన బట్టీ, గోడ పొడవునా బల్లల మీద ఆరుతున్న పూలకుండీలూ కప్పులూ గిన్నెలూ. పెళ్ళికి ముందు వాళ్ళ నాన్న పాలవ్యాను నడిపిన చెయ్యి కాబట్టి బండి ఆమెకి కొత్త కాదు. కోడలు ఆ వేళ తాళాలు అందుకుని మట్టిచేతులతోనే అత్తగారిని వాటేసుకుంది. ఆవిడ రవిక వీపు మీద రెండు అరచేతుల ముద్రలు పడ్డాయి. ఆవిడ వాటిని సాయంత్రం దాకా దులుపుకోలేదు.

బండి నిండా కుండీలు ఎక్కించుకుని ఎత్తు ఎక్కేటప్పుడు అది చేసే ఘీంకారం విని అత్తగారే దానికి ఏనుగమ్మ అని పేరు పెట్టింది. వీధిలో అందరూ అదే పేరుతో పిలవడం మొదలుపెట్టారు.

ఏనుగమ్మ నడిచినన్నాళ్ళూ బాగానే నడిచింది. ఆగడం దగ్గరే వచ్చింది చిక్కు. మొదట్లో బ్రేకు తొక్కితే కీచుమనేది. తర్వాత ఎడమపక్కకి లాగడం మొదలుపెట్టింది. ఆ తర్వాత పెడలు ఒకసారి పైన అందేది, ఒకసారి ఎక్కడో అడుగున అందేది. "ముసలిది కదా, దాని బాధలు దానికుంటాయి" అని అత్తగారు వెనకేసుకొచ్చేది. చివరికి ఒకరోజు పొద్దున్నే, బజారు వీధి చివర పల్లంలో, పక్కన అత్తగారు, వెనక కుండీలు ఉండగా, కోడలు బ్రేకు తొక్కింది. పెడలు నేలకి ఆనింది. ఏనుగమ్మ ఆగలేదు.

కోడలు మళ్ళీ తొక్కింది, మళ్ళీ మళ్ళీ తొక్కింది, గేరు దించింది, చేతిబ్రేకు లాగింది. బండి వేగం తగ్గింది గానీ పూర్తిగా ఆగడం ఎరగనట్టు, తాపీగా, మర్యాదగా, పరుపుల దుకాణం వైపు వెళ్ళిపోయింది. దుకాణదారు అప్పుడే ఎండలో దూదిపరుపులు గోడకి నిలువుగా వరసగా పెట్టి లోపలికి తిరిగాడు. ఏనుగమ్మ వెళ్ళి ఆ పరుపుల్లో ముఖం దాచుకుంది. మెత్తగా "బుస్సు"మని చప్పుడైంది, అంతే.

దుకాణదారు బయటికి పరుగెత్తుకొచ్చాడు. అత్తగారు కిటికీలోంచి తల బయటపెట్టి, ఊపిరి కూడగట్టుకుని, "పరుపులు గట్టివే నాయనా! ఏమాత్రం అణగలేదు!" అంది. పాపం ఆయనకి తిట్టాలో నవ్వాలో అర్థం కాలేదు. పరుపులు దులిపి చూసుకున్నాక నవ్వే వచ్చింది. కుండీల్లో ఒక్కటి మాత్రం అంచు విరిగింది.

ఇది జరగరాని సమయంలో జరిగింది. కొండ మీద కొత్తగా కట్టిన హోటల్‌కి వరండాల్లో పెట్టుకోవడానికి పెద్ద పూలకుండీలు కావాలని కోడలికి ఆర్డరొచ్చింది. ఆమె చేతికొచ్చిన వాటిల్లో అదే పెద్ద పని. కుండీలన్నీ కాలి, చల్లారి, షెడ్డులో బారులు తీరి ఉన్నాయి. హోటల్ తెరిచేలోపు పైకి చేర్చాలి. కొండదారంతా మలుపులే. ఎక్కడం సంగతి ఎలా ఉన్నా, బ్రేకుల్లేకుండా దిగడం మాత్రం ఎవరి తరమూ కాదు.

మెకానిక్ నాలుగు చక్రాలూ ఊడదీశాడు. డ్రమ్ముల మీద సుత్తితో చుట్టూ తట్టి ఒక్కొక్కటీ లాగాడు. లోపల్నుంచి నల్లటి పొడి రాలింది. డ్రమ్ము లోపల చక్రానికి రెండేసి అర్ధచంద్రాల్లా ఉండే బ్రేకు షూలు ఉంటాయి. వాటి మీద అతికించిన లైనింగే డ్రమ్ముని రాసుకుని బండిని ఆపేది. ఇక్కడ లైనింగన్నది పేరుకే మిగిలింది.

"చూడు చెల్లమ్మా," అని ఒక షూ తీసి చూపించాడు. "అరిగి అరిగి ఇనుము తేలింది. వెనక సిలిండర్ల రబ్బర్లు కూడా పోయాయి, ఆయిలంతా కారిపోతోంది. ఇన్నాళ్ళూ మీరు దేని మీద ఆగారో నాకు తెలియట్లేదు."

"మా కోడలి కాలి బలం మీద," అంది అత్తగారు.

"పాత షూలకే కొత్త లైనింగ్ వేయించకూడదా అన్నా?" అని అడిగింది కోడలు.

"వేయించొచ్చు, షూ బాగుంటే. ఇదిగో, ఇక్కడ చూడు, ఇనుమే చీలింది. దీనికి లైనింగ్ వేసినా నేను బిగించను. రేపు మీ ఇంటి మొహం ఎలా చూడాలి నేను?" అన్నాడు.

కంపెనీవాళ్ళకి ఫోన్ చేస్తే, ఆ మోడల్ తయారీ ఎప్పుడో ఆపేశామన్నారు. ఎక్కడో దూరాన గోడౌన్లో ఒక సెట్టు ఉందట, తెప్పిస్తామన్నారు. ధర చెప్పారు. మెకానిక్ ఫోన్ పెట్టేసి ఆ అంకె చెప్పగానే అత్తగారు పక్కనున్న టైరు మీద కూలబడింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర కొడుకు మెల్లగా కదిపాడు. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాడు, నిదానస్తుడు. "అమ్మా, ఆ డబ్బుకి దాదాపు ఇంకో ఏనుగమ్మ వస్తుంది. ఇనుప సామాన్లవాడికి అమ్మేసి, ఈ ఒక్కసారికి బండి బాడుగకి తీసుకుందాం."

అత్తగారు ఏమీ అనలేదు. ఆవిడ మాట్లాడకుండా ఉండటం ఆ ఇంట్లో ఎవరూ చూడని వింత. తలొంచుకుని అన్నం కెలుకుతున్న ఆవిణ్ణి కోడలు చూసింది. నా కోసం కదా కొంది, ఇప్పుడు తప్పు చేసినదానిలా కూర్చుంది అనుకుంది.

"అమ్మేది లేదండీ," అంది కోడలు. "రేపు నేనూ అత్తయ్యా స్పేర్ పార్టుల వీధికి వెళ్తాం. ఊరు మొత్తం మీద ఎక్కడో ఒకచోట దొరక్కుండా ఉంటుందా?"

అత్తగారు చివాలున తలెత్తింది. "బేరం నేను చేస్తా," అంది.

మర్నాడు కోడలు చీలిన షూని పాత పేపర్లో చుట్టి సంచిలో పెట్టుకుంది. ఇద్దరూ పొద్దున్నే ఆ వీధిలో దిగారు. వీధికి అటూ ఇటూ ఇరుకైన దుకాణాలు. తలుపులకి బెల్టులు వేలాడుతున్నాయి. గట్ల మీద సైలెన్సర్లు, లైట్లు, స్టీరింగ్‌లు గుట్టలు గుట్టలుగా పడున్నాయి. గాలి పీలిస్తే గ్రీజు వాసన. ఏ కొట్టుకెళ్ళినా ఒకటే తంతు. కోడలు పేపరు విప్పి షూ చూపించేది. కొట్టువాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, ఏ బండిదని అడిగేవాడు. చెప్పగానే నవ్వేవాడు.

"అవి ఇంకా తిరుగుతున్నాయా?" అన్నాడు ఒకాయన.

"తిరగడానికేం, ఆగడమే కష్టంగా ఉంది," అంది అత్తగారు.

ఇంకొకాయన ఫొటో తీసి పెట్టుకుంటానన్నాడు. ఎందుకంటే, ఇలాంటి బండి ఉందని చెప్తే మావాళ్ళు నమ్మరన్నాడు. అత్తగారు ఒంటికాలి మీద లేచింది. కోడలు చెయ్యి పట్టుకుని ఇవతలికి లాక్కొచ్చింది.

మధ్యాహ్నానికి కాళ్ళు పీకుతుండగా, వీధి మలుపులో ఒక పొడుగాటి కొట్టువాడు షూ చూసి, మాట్లాడకుండా లోపలికెళ్ళి ఒక అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. పెట్టె మీద పేరూ లేదు, ఊరూ లేదు. లోపల సరిగ్గా అదే ఆకారం, అదే కొలత, నిగనిగలాడుతున్న కొత్త షూలు. నాలుగు చక్రాలకీ సరిపడా ఉన్నాయి.

కోడలికి ప్రాణం లేచొచ్చింది. కొట్టువాడు ధర చెప్పాడు. అత్తగారు పెదవి విరిచింది. ఇక అక్కణ్ణుంచి మొదలైంది ఆవిడ విద్య. బయటికి నడిచి మళ్ళీ వచ్చింది. పెట్టె నలిగిందంది. ఇన్నాళ్ళుగా అమ్ముడుపోని సరుకుని వదిలిస్తున్నందుకు తనకే ఎదురివ్వాలంది. కొట్టువాడి పిల్లల చదువులడిగింది, పెద్దపిల్లకి లెక్కలు రావంటే ఓదార్చింది, ఆ ఓదార్పులోనే ఇంకాస్త తగ్గించింది. పక్క కొట్లవాళ్ళు పని మానేసి గుమ్మాల్లోకొచ్చి చూశారు. చివరికి కొట్టువాడు రెండు చేతులూ ఎత్తేసి, చెప్పిన ధరలో సగానికంటే తక్కువకి ఒప్పుకున్నాడు. అత్తగారి ముఖం వెలిగిపోయింది. పెట్టె ఒళ్ళో పెట్టుకుని, గెలిచిన కప్పు పట్టుకున్నట్టు పట్టుకుంది.

ఆ మాటలన్నీ జరుగుతుండగా కోడలు ఒక షూని చేతిలోకి తీసుకుని ఊరికే చూస్తోంది. ఏ వస్తువునైనా చేత్తో తడిమి చూడటం ఆమెకి పుట్టుకతో వచ్చిన అలవాటు. లైనింగ్ మీద గోరు పెట్టి గీసింది. గీత పడింది, పొడి రాలింది. బల్ల అంచుకి తట్టి చెవి దగ్గర పెట్టుకుంది. సగం కాలిన కుండలా మొద్దుగా పలికింది. మనసులో ఏదో ముల్లు గుచ్చుకుంది. సంచిలోంచి నీళ్ళసీసా తీసి, లైనింగ్ మీద ఒక చుక్క వేసింది. చుక్క నిలవలేదు. పచ్చిమట్టి తాగేసినట్టు తాగేసింది.

అత్తగారి ముఖంలో ఆ వెలుగు చూస్తూ చెప్పాలంటే కోడలికి నోరు రాలేదు. కానీ చెప్పక తప్పదు.

"అత్తయ్యా," అంది నెమ్మదిగా. "ఇది గుల్లగా ఉంది. నీళ్ళు పీల్చేస్తోంది చూడండి. ఇది డ్రమ్ముని రాసుకుంటే కొండ దిగేలోపే పొడైపోతుంది."

అత్తగారు షూ అందుకుంది. తను కూడా గోరు పెట్టి గీసింది. రాలిన పొడిని వేళ్ళ మధ్య నలిపింది. తర్వాత ఒళ్ళో పెట్టెని తీసి బల్ల మీద పెట్టి, కొట్టువాడి వైపు నెట్టింది.

"నాయనా, ఇది నువ్వు ఊరికే ఇచ్చినా నాకొద్దు. ఆ బండి నడిపేది నా కోడలు," అంది.

కొట్టువాడు పెట్టె మూత వేశాడు. "నేను తయారు చేసింది కాదమ్మా, ఎవరో తెచ్చిచ్చారు," అని పెట్టె లోపలికి తీసుకెళ్ళిపోయాడు. అది మళ్ళీ బల్ల మీదికి రాకపోతే బాగుండునని కోడలు అనుకుంది.

వీధి చివర టీ కొట్టు బెంచీ మీద ఇద్దరూ చతికిలబడ్డారు. అత్తగారు టీ గ్లాసు పట్టుకుని నిట్టూర్చింది.

"జన్మలో అంత మంచి బేరం చెయ్యలేదు అమ్మాయ్."

"నిజమే అత్తయ్యా."

"వాడు చేతులెత్తేశాడు చూశావా? రెండు చేతులూ!"

"చూశాను. వీధంతా చూసింది."

"కొనకపోతే మాత్రం ఏం, బేరం బేరమే కదా?" అని అడిగింది, చిన్నపిల్ల అడిగినట్టు. కోడలికి నవ్వాగలేదు. అత్తగారికి కూడా నవ్వొచ్చింది. ఇద్దరూ టీ ఒలికేదాకా నవ్వారు.

అప్పుడే ఎదురుగా బేకరీ ముందుకి ఒక రొట్టెల వ్యాను వచ్చి ఆగింది. పసుపురంగు వ్యాను, చిన్న చక్రాలూ పెద్ద డబ్బా. బుర్రమీసాల డ్రైవరు దిగాడు. రోడ్డు అక్కడ కాస్త వాలుగా ఉంది. అతను సీటు కింద నుంచి ఒక ఇనపముక్క తీసి, వెనక చక్రం కింద దోపి, రొట్టెల ట్రే ఎత్తుకుని లోపలికెళ్ళాడు.

కోడలి చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఆ ఇనపముక్క అర్ధచంద్రాకారంలో ఉంది.

"అత్తయ్యా, ఆ చక్రం కిందది చూడండి..."

ఆమె మాట పూర్తయ్యేలోపే అత్తగారు రోడ్డు దాటేసింది. వ్యాను పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి, చెయ్యి చక్రం కిందకి పోనిస్తోంది.

"ఏమ్మోయ్! ముట్టుకోకండి! అది తీస్తే బండి దొర్లిపోతుంది!" అని డ్రైవరు ఖాళీ ట్రేతో పరుగెత్తుకొచ్చాడు.

అత్తగారు కూర్చున్నచోటి నుంచే తలెత్తింది. "ఏం తమ్ముడూ, నీ బండికీ బ్రేకుల్లేవా?"

"నా బండికి బ్రేకులు బ్రహ్మాండంగా ఉన్నాయి! కొత్తవి వేయించాను. చేతిబ్రేకు తీగ తెగింది, రేపు మార్పిస్తా. అందాకా పాత బ్రేకు షూ అడ్డం పెడుతున్నా. అసలు మీరెవరు? నా చక్రంతో మీకేం పని?"

కోడలు గబగబా వచ్చి సంగతంతా చెప్పింది. పేపరు విప్పి తన షూ చూపించింది. డ్రైవరు మీసం దువ్వుకుంటూ విన్నాడు. తర్వాత పెద్ద రాయి ఒకటి వెతికి చక్రం కింద పెట్టి, తన ఇనపముక్క బయటికి తీశాడు. కోడలు రెండింటినీ జోడించి పట్టుకుంది. వంపు కలిసింది. వెడల్పు కలిసింది. స్ప్రింగులు తగిలించే రంధ్రాలు ఒకదాని మీదొకటి కూర్చుని, అవతలి వెలుగు కనిపించింది. చివరున్న చిన్న రంధ్రం మాత్రం వ్యానుదానికి కాస్త ఇరుగ్గా ఉంది.

"ఓర్నీ!" అన్నాడు డ్రైవరు.

"మీ బండీ మా బండీ ఒక తల్లి పిల్లలే తమ్ముడూ," అంది అత్తగారు. "మాది పెద్దది, మీది చిన్నది."

"ఈ వ్యానులు ఊళ్ళో వీధికొకటి తిరుగుతుంటాయి అక్కా. వీటి సామాన్లు ఎక్కడపడితే అక్కడే. నేను తెచ్చుకునే కొట్టు ఉంది, సరుకు నిఖార్సు. ఎక్కండి, చూపిస్తా. దారిలో రెండుచోట్ల రొట్టెలు దించాలి, ఏమీ అనుకోకండి."

ఏమనుకుంటారు? వ్యాను లోపల అప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టెల వాసన కమ్మగా కమ్ముకుంది. అత్తగారు ముందు కూర్చుని, డ్రైవరు బ్రేకు తొక్కినప్పుడల్లా "ఆహా" అనేది. ఆ మెచ్చుకోలుకి ఉబ్బిపోయి అతను అవసరం లేనిచోట కూడా తొక్కేవాడు. కోడలు వెనక ట్రేల మధ్య, ఏ రొట్టె మీదా ఒరక్కుండా, రెండు షూలూ గుండెకి హత్తుకుని కూర్చుంది.

ఆ కొట్టు సైకిలు షాపు వెనక సందులో ఉంది. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకున్న పెద్దాయన ఒకడు ఉన్నాడు. వ్యాను షూలు బయటపెట్టాడు. కోడలు గోరుతో గీసింది, గీత పడలేదు. బల్లకి తట్టింది, బాగా కాలిన కుండలా ఖంగుమంది. నీళ్ళచుక్క వేసింది, చుక్క ముత్యంలా నిలబడింది.

"ఏమ్మా, దాహమేస్తోందా దానికి?" అని అడిగాడు పెద్దాయన కళ్ళజోడు దించి.

"లేదు తాతా. దీనికి వెయ్యట్లేదు," అంది కోడలు, ముఖమంతా నవ్వుతో.

అత్తగారు ముందుకొచ్చి, మోచేతులు బల్ల మీద ఆనించి, యుద్ధానికి సిద్ధమైంది. "ఊ, చెప్పండి. ఎంత?"

పెద్దాయన చెప్పాడు. రబ్బర్లతో సహా.

అత్తగారు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. కంపెనీవాళ్ళు చెప్పినదాంట్లో అది ఒక మూలకి రాదు. తను మొదటి మాటగా అడుగుదామనుకున్న ధర కంటే కూడా తక్కువ.

"అంతేనా?" అంది నీరసంగా.

"అంతేనమ్మా."

"ఇంకేమీ తగ్గదా?" అలవాటు ఊరుకోదు కదా.

"ఇంకా తగ్గిస్తే మీ ఇంటికొచ్చి నేనే బిగించాలి," అన్నాడాయన. డ్రైవరు పకపకా నవ్వాడు. పెద్దాయన ఆవిడ ముఖం చూసి జాలిపడి, ఒక చిన్న గ్రీజు డబ్బా తీసి ఉత్తినే సంచిలో వేశాడు. అప్పటికి ఆవిడ మనసు కుదుటపడింది.

మెకానిక్ షూలు కొలిచి చూసి తల ఊపాడు. గీతలు పడ్డ డ్రమ్ములని లేతు మెషిన్ మీద నున్నగా తీయించుకొచ్చాడు. సిలిండర్లకి కొత్త రబ్బర్లు వేశాడు. ఇరుగ్గా ఉన్న చిన్న రంధ్రాన్ని ఆకురాయితో రాసి రాసి చేతిబ్రేకు పిన్ను దూరేలా సవరించాడు. ఏనుగమ్మ మళ్ళీ నాలుగు కాళ్ళ మీద నిలబడింది.

"ఇప్పుడు గొట్టాల్లో గాలి తియ్యాలి," అన్నాడు. "చెల్లమ్మా, నువ్వు పైన ఆయిలు పోస్తూ ఉండు, తగ్గనివ్వకు. నేను చక్రం దగ్గర స్క్రూ విప్పుతా. పెడలు తొక్కడానికి ఒక మనిషి కావాలే..."

ముగ్గురూ చుట్టూ చూశారు. ఆ ముగ్గురే ఉన్నారు.

"నేను తొక్కుతా," అంది అత్తగారు.

ఆవిడ చెప్పులు విడిచి, డ్రైవరు సీట్లోకి ఎక్కి కూర్చుంది. ఎప్పుడూ పక్కసీట్లో కూర్చున్న మనిషి. స్టీరింగ్ మీద చేతులు వేసి, ఎక్కడ పట్టుకోవాలో తెలియక, కాసేపు దాన్ని తడిమింది.

"తొక్కండి పెద్దమ్మా! తొక్కండి! తొక్కి పట్టుకోండి!" అని బండి కింద నుంచి మెకానిక్ అరిచాడు. స్క్రూ వదలగానే సీసాలో పెట్టిన గొట్టంలోంచి బుడగలు బుడబుడమన్నాయి. "ఇక వదలండి! మళ్ళీ!"

మొదట తడబడింది గానీ, కాసేపట్లో ఆవిడకి లయ చిక్కింది. పెద్ద గంగాళంలో గరిటె తిప్పిన చెయ్యి కదా, ఆ ఊపు ఇప్పుడు కాలికొచ్చింది. మెకానిక్ చెప్పకముందే తొక్కడం, పట్టడం, వదలడం. ఒక్కో చక్రం దగ్గరా బుడగలు సన్నబడి, తర్వాత చిక్కటి ఆయిలు మాత్రమే వచ్చింది.

"అమ్మాయ్!" అని ఉన్నట్టుండి కేకేసింది. "గట్టిపడింది! పెడలు గట్టిపడిందే! నా కాలిని పైకి నెడుతోంది!"

"అదే కావాల్సింది అత్తయ్యా! ఇక దిగండి, అయిపోయింది."

అత్తగారు దిగలేదు. స్టీరింగ్‌ని రెండు చేతులా పట్టుకుని అద్దంలోంచి వీధి వంక చూస్తోంది. "ఇక్కణ్ణుంచి చూస్తే లోకం వేరేగా ఉంది అమ్మాయ్," అంది. "అద్దం ముందు అన్నీ నాకోసమే ఆగినట్టున్నాయి."

కోడలు ఆ మాట మనసులో పెట్టుకుంది.

మర్నాడు కుండీలు గడ్డిలో పొదిగి ఎక్కించారు. కొడుకు కూడా సెలవు పెట్టాడు. ముందు చోటు లేదు కాబట్టి వెనక కుండీల మధ్యే కూర్చోవాలి. "పెద్ద కుండీలో దిగి కూర్చోరా, భద్రంగా ఉంటావు," అంది తల్లి. అతను నిజంగానే దిగి కూర్చున్నాడు. ఏనుగమ్మ ఘీంకరిస్తూ మలుపు మలుపూ ఎక్కింది. వెనకాల కుండీలోంచి ఒక తల మాత్రం బయటికొచ్చి లోయకేసి బిక్కుబిక్కుమంటూ చూస్తోంది. ఎదురొచ్చిన బస్సులో జనమంతా ఆ తలని చూసి చేతులూపారు. కాసేపటికి అతనికి కూడా హుషారొచ్చి ఎదురు చేతులూపాడు.

హోటల్ తోటమాలి ఒక్కో కుండీనీ వేలితో మీటి, "వీణలా పలుకుతున్నాయి" అని మురిసిపోయాడు. ఒక్కటి కూడా పగల్లేదు. మేనేజరు వరండా మొత్తం నడిచి చూసి, వెనక మేడకి కూడా ఇలాంటివే చెయ్యమన్నాడు.

దిగేటప్పుడు మొదటి మలుపు రాగానే కోడలు గేరు దించి, మెల్లగా పాదం ఆనించింది. పెడలు ఎదురునిలిచింది. ఏనుగమ్మ ఎటూ లాగకుండా, కీచుమనకుండా, తల వంచి మాట విన్నట్టు నెమ్మదించింది. రెండో మలుపు, మూడో మలుపు. కోడలి భుజాలు వాటంతటవే కిందికి దిగాయి. వెనక ఖాళీ తొట్టిలో భర్త గొంతెత్తి పాట అందుకున్నాడు. రాగం అతనికి ఆమడ దూరం. ఆ రోజుకి ఎవరూ కాదనలేదు.

కొండ దిగాక పక్కనే పెద్ద బయలు ఉంది. గడ్డి మొలిచిన చదునైన నేల, చుట్టుపక్కల చెట్టూ లేదు, మనిషీ లేడు. కోడలు బండి అందులోకి తిప్పి ఆపి, ఇంజను ఆపకుండా దిగి, అటు తిరిగొచ్చి అత్తగారి వైపు తలుపు తీసింది.

"జరగండి అత్తయ్యా. అటు వెళ్ళి కూర్చోండి."

అత్తగారికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక, మామూలుగా బతిమాలించుకునే మనిషి, ఒక్కమాటైనా బతిమాలించుకోకుండా జరిగి కూర్చుంది.

"అమ్మా! ఆగు! నన్ను దిగనీ!" అని కొడుకు వెనక నుంచి దూకి పారిపోయి, దూరంగా నిలబడ్డాడు.

"ఎడమకాలితో పెడలు పూర్తిగా నొక్కండి. గేరు ఇలా. ఇప్పుడు ఆ కాలు మెల్లగా, చాలా మెల్లగా వదలండి," అని కోడలు ఆవిడ చేతి మీద చెయ్యి వేసి చెప్పింది.

ఏనుగమ్మ ఒకసారి ఉలిక్కిపడింది, రెండోసారి ఎగిరింది, మూడోసారి కదిలింది. కదిలి, గడ్డిలో తూలుకుంటూ, నడక నేర్చుకుంటున్నట్టు ముందుకి సాగింది. అత్తగారు ఊపిరి బిగబట్టి, పెదాలు బిగించి, ముక్కు అద్దానికి ఆనేంత ముందుకి వంగి కూర్చుంది. బయలు చుట్టూ పెద్ద గుండ్రంగా ఒక చుట్టు తిరిగింది. కొడుకు రెండు చేతులూ తల మీద పెట్టుకుని, నవ్వుతూ, తల్లి ఎటు వస్తే అటు తప్పుకుంటూ గెంతుతున్నాడు.

"ఇప్పుడు బ్రేకు, అత్తయ్యా!"

ఆవిడ బలమంతా పెట్టి తొక్కింది. ఏనుగమ్మ ఉన్నచోట ఉన్నట్టే నిలబడిపోయింది. ఇంజను ఠక్కున ఆరిపోయింది. కోడలు చేతులు అడ్డం పెట్టుకోబట్టి సరిపోయింది గానీ, లేకపోతే అద్దాన్ని ముద్దుపెట్టుకునేది. దుమ్ము మెల్లగా సర్దుకుంది.

"ఆగింది," అంది అత్తగారు. నమ్మలేనట్టు కోడలి వైపు తిరిగింది. కళ్ళల్లో నీళ్ళు, ముఖం నిండా నవ్వు. "చూశావా అమ్మాయ్, ఎలా ఆగిందో! ఒరేయ్, ఆగిందిరా!" అని కిటికీలోంచి కొడుక్కి కేకేసింది. తర్వాత సీట్లో సర్దుకుని, స్టీరింగ్ గట్టిగా పట్టుకుంది.

"ఊ, బయల్దేరడం ఎలాగో మళ్ళీ ఒకసారి చెప్పు."